బ్యాకప్‌లో రాని నియమం: రీస్టోర్ చేసిన డేటాబేస్‌తో కొలేషన్ తగువు ఎందుకొస్తుంది

పీణ్యలో దుస్తులు కుట్టి ఎగుమతి చేసే ఒక కంపెనీ, అంతవరకు అమెరికాలోని సర్వర్‌లో నడిచిన తన సరుకు నిల్వల సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరులోని సొంత సర్వర్‌కు తెచ్చుకుంది. ఆ పని చూసిన కుర్రవాడిది నెల్లూరు. మరాఠాహళ్లిలో మా పక్క వీధిలోనే ఉంటాడు. బ్యాకప్ ఫైలు తెచ్చి, రీస్టోర్ చేసి, సాఫ్ట్‌వేర్‌ను కొత్త డేటాబేస్‌కు కలిపాడు. లాగిన్ అయింది, బిల్లులు పడ్డాయి, సరుకు పేరు కొట్టి వెతికితే దొరికింది. పదిహేను రోజుల తరువాత, నెలాఖరు రాత్రి, అతని నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, డేటా మొత్తం సరిగ్గానే ఉంది, నిన్నటిదాకా బాగానే నడిచింది. ఇవాళ ఒక్క నిల్వల రిపోర్టు మాత్రం రానంటోంది."

తెర మీద ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే 468వ నంబరు దోషం. రెండు కొలేషన్ల, అంటే అక్షరాలను పోల్చే నియమావళుల, పేర్లు చెప్పి, "సమానమా" అని పోల్చే చోట ఆ రెండింటి మధ్య విభేదాన్ని తీర్చలేకపోతున్నానని దాని సారాంశం. ఈ మధ్య ఈ దోషం ఎక్కువ మందికి ఎదురు కావడానికి ఒక కారణం గడువులు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కు పొడిగించిన మద్దతు ముగింపు తేదీ 2026 జూలై 14, మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 5.7 వర్షన్ గడువు 2023 అక్టోబరులోనే తీరిపోయింది. పాత సర్వర్ నుంచి బ్యాకప్ తీసి కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేసే పని ఎన్నో ఆఫీసుల్లో ఒకేసారి జరుగుతోంది.

కొలేషన్ అంటే అక్షరాలు కాదు, అక్షరాల మీద తీర్పు

రెండు మాటలు ఒకటేనా కాదా, ఒకటి కాకపోతే ఏది ముందు, ఏది వెనుక అనే ప్రశ్నలకు జవాబు చెప్పే నియమావళికి కొలేషన్ అని పేరు. అక్షరాలను ఏ సంకేతాలతో దాచాలన్నది ఎన్‌కోడింగ్ పని; దాచిన అక్షరాలను ఎలా పోల్చాలన్నది కొలేషన్ పని. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాటలను దాచే వార్‌చార్ రకం కాలమ్‌ల విషయంలో మాత్రం ఈ రెండూ ఒకే పేరులో ఇరుక్కుని ఉంటాయి. గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది.

తెలుగువారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో "ఱ" చివరి వరుసలో ఎక్కడో ఉంటుంది. యూనికోడ్‌లో అది "ర" పక్కనే, 0సీ30 తరువాత 0సీ31గా కూర్చుంది. "క్ష"ను చాలా చార్టుల్లో అక్షరమాల చివర ప్రత్యేక అక్షరంగా చూపుతారు. కంప్యూటర్‌కు అది క, పొల్లు, ష అనే మూడు సంకేతాల కూర్పు, అందువల్ల "క"తో మొదలయ్యే మాటల మధ్యకు వెళ్లిపోతుంది. ఏ వరుస సరైనదన్నది అక్షరాలలో లేదు, వాటిని వరుస పెట్టేవారు ఒప్పుకున్న నియమంలో ఉంది. ఒకే జాబితాను రెండు నియమాలతో అమర్చిన ఇద్దరు గుమాస్తాలు, ఎవరి పట్టీలో వారు పేరును చక్కగా వెతుక్కోగలరు. రెండు పట్టీలను పక్కపక్కన పెట్టి సరిపోల్చాల్సి వచ్చినప్పుడే ఎవరి నియమం చెల్లుతుందన్న ప్రశ్న వస్తుంది.

పేరును విప్పి చదివితే

పీణ్య సర్వర్ చెప్పిన రెండు పేర్లలో మొదటిది ఎస్‌క్యూఎల్_లాటిన్1_జనరల్_సీపీ1_సీఐ_ఏఎస్. ఇందులో సీపీ1 అంటే 1252 నంబరు కోడ్ పేజీ, అంటే పశ్చిమ ఐరోపా అక్షరాల పట్టిక. సీఐ అంటే పెద్ద బడి, చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలకు తేడా చూడదని; ఏఎస్ అంటే అక్షరం నెత్తిన ఉండే ఫ్రెంచి, స్పానిష్ గుర్తులను తేడాగానే చూస్తుందని. రెండో పేరు లాటిన్1_జనరల్_సీఐ_ఏఎస్. కోడ్ పేజీ అదే, సీఐ అదే, ఏఎస్ అదే. మరి తగువు దేనికి?

మొదటి పేరు ముందున్న "ఎస్‌క్యూఎల్" అన్న ముక్కలో జవాబు ఉంది. అది పాత కాలపు సొంత వరుసను నిలబెట్టడానికి ఉంచిన కొలేషన్. రెండోది విండోస్ నియమాలను అనుసరించేది. వార్‌చార్ మాటల్లో అడ్డగీత వచ్చినప్పుడు ఈ రెండూ విడిపోతాయి. "ఏ-సీ", "ఏబీ" అనే రెండు ఇంగ్లిష్ కోడ్‌లను తీసుకుంటే, మొదటి నియమం అడ్డగీతను ఒక గుర్తుగా లెక్కించి "ఏ-సీ"ని ముందు పెడుతుంది. విండోస్ నియమం అడ్డగీతను దాదాపు పట్టించుకోకుండా "ఏసీ"గా చదివి, దాన్ని "ఏబీ" తరువాతకు పంపుతుంది. మామూలు పేర్లలో ఈ తేడా ఎన్నటికీ కనపడకపోవచ్చు. అయినా సర్వర్ "ఈ డేటాలో తేడా వస్తుందా" అని చూసి ఊరుకోదు. పేర్లు వేరైతే నియమాలు వేరని తీర్మానిస్తుంది. నా దృష్టిలో అది మంచి పట్టుదలే.

ఈ రెండు పేర్లు రెండు సర్వర్లలోకి ఎలా చేరాయన్నది చిన్న కథ. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను స్థాపించేటప్పుడు ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోకపోతే, అది విండోస్ సిస్టమ్ లొకేల్‌ను (భాష, ప్రాంతాల అమరికను) చూసి కొలేషన్‌ను నిర్ణయించుకుంటుంది. అమెరికా ఇంగ్లిష్ అయితే మొదటి పేరు, బ్రిటన్ ఇంగ్లిష్ అయితే రెండో పేరు. పీణ్యలో యంత్రాన్ని సిద్ధం చేసిన వ్యక్తి తేదీలు రోజు, నెల, సంవత్సరం వరసలో రావాలని అన్ని చోట్లా బ్రిటన్ ఇంగ్లిష్ పెట్టాడు. తేదీల కోసం చేసిన ఎంపిక అక్షరాల తీర్పును మార్చేసింది. ఇప్పుడు లొకేల్‌ను వెనక్కి మార్చినా ప్రయోజనం లేదు. స్థాపన రోజున సర్వర్ రాసుకున్న కొలేషన్ దానితో మారదు.

బ్యాకప్ ఎక్కిన అంతస్తులు, ఎక్కని అంతస్తు

ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0 వరకు సర్వర్ మొత్తానికి ఒకే వరుస ఉండేది. 2000 వర్షన్‌తో డేటాబేస్‌కు వేరుగా, కాలమ్‌కు వేరుగా కొలేషన్ పెట్టుకునే వీలు వచ్చింది. అప్పటి నుంచి నాలుగు అంతస్తులున్నాయి. అట్టడుగున సర్వర్ కొలేషన్; దాని మీద డేటాబేస్ కొలేషన్; ఆపైన ఒక్కొక్క కాలమ్‌కు దాని కొలేషన్; అన్నిటికంటే పైన, క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, ఆ ఒక్క పోలిక కోసం "కొలేట్" అని రాసి చెప్పే కొలేషన్. కింది అంతస్తు పై అంతస్తుకు పుట్టుకప్పుడు మాత్రమే తన నియమాన్ని ఇస్తుంది. టేబుల్ తయారైనప్పుడు కాలమ్ తన డేటాబేస్ నుంచి కొలేషన్‌ను తీసుకుంటుంది. తరువాత డేటాబేస్ మారినా కాలమ్ తన పాతదాన్నే పట్టుకుని ఉంటుంది.

బ్యాకప్ ఫైలులో డేటాబేస్ కొలేషన్ ప్రయాణిస్తుంది, కాలమ్‌లవి ప్రయాణిస్తాయి, స్టోర్డ్ ప్రొసీజర్లలో (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములలో) రాసి ఉన్న కొలేట్ మాటలూ ప్రయాణిస్తాయి. సర్వర్ కొలేషన్ రాదు. అది మాస్టర్, మోడల్, టెంప్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లలో ఉంటుంది, అవి కొత్త సర్వర్‌కు చెందినవి. "డేటా అంతా సరిగ్గానే ఉంది" అన్న నెల్లూరు కుర్రవాడి మాట అక్షరాలా నిజం. రీస్టోర్‌లో ఏ లోపమూ జరగలేదు. వచ్చిన డేటాబేస్ తన నియమాన్ని వెంట తెచ్చుకుంది, ఇల్లు మాత్రం వేరే నియమంతో కట్టింది.

సర్వర్ అంతస్తు ఇంకొక పని కూడా చేస్తుంది. ప్రొసీజర్లలో వాడే వేరియబుల్ పేర్లకు పెద్ద బడి, చిన్న బడి తేడా ఉందో లేదో తేల్చేది అదే. కొత్త సర్వర్ ఆ తేడా చూసే కొలేషన్‌తో స్థాపితమై ఉంటే, ఒక చోట పెద్ద బడిలో, మరొక చోట చిన్న బడిలో రాసిన ఒకే వేరియబుల్‌ను "ఇది ప్రకటించలేదే" అని 137వ నంబరు దోషంతో తిరస్కరిస్తుంది. టేబుళ్ల పేర్ల విషయంలో తీర్పు డేటాబేస్ కొలేషన్‌ది. కాబట్టి 137 వస్తే సర్వర్‌ను, ఉన్న టేబుల్‌నే లేదని చెప్పే 208 వస్తే డేటాబేస్‌ను అనుమానించడానికి ఆధారం ఉంటుంది. 208కి వేరే కారణాలూ చాలా ఉన్నాయన్నది వేరే సంగతి.

లాగిన్ అయి, బిల్లు పడి, రిపోర్టు మాత్రమే ఆగిన కారణం

ప్రతి మాటకూ కొలేషన్‌తో పాటు ఒక బలం కూడా ఉంటుంది. క్వెరీలో నేరుగా రాసిన మాటకు, ప్రోగ్రామ్ పంపిన విలువకు అన్నిటికంటే తక్కువ బలం. ఎదురుగా కాలమ్ ఉంటే అది మారు మాట్లాడకుండా కాలమ్ నియమానికి లొంగిపోతుంది. కాలమ్‌ది మధ్యస్థ బలం. కొలేట్ అని విడమరిచి రాసినదానికి అన్నిటికంటే ఎక్కువ. బలహీనుడు, బలవంతుడు ఎదురైతే బలవంతుడి నియమం చెల్లుతుంది. సమాన బలం ఉన్న ఇద్దరు వేర్వేరు నియమాలతో ఎదురైతేనే చిక్కు.

ఇప్పుడు పీణ్య సాఫ్ట్‌వేర్‌ను ఈ వెలుగులో చూద్దాం. లాగిన్‌లో వాడుకరి కొట్టిన పేరును వాడుకరుల టేబుల్‌లోని కాలమ్‌తో పోలుస్తారు: ఒక వైపు విలువ, ఒక వైపు కాలమ్, తగువు లేదు. సరుకు వెతకడమూ అంతే. బిల్లులో సరుకుల టేబుల్‌ను ఖాతాదారుల టేబుల్‌తో కలుపుతారు: రెండూ కాలమ్‌లే, కాని రెండూ ఒకే డేటాబేస్ బిడ్డలు, ఒకే నియమం. నెలాఖరు రిపోర్టు మాత్రం వేరుగా నడుస్తుంది. అది ముందుగా ఒక తాత్కాలిక టేబుల్‌ను తయారు చేసి, అందులో సరుకు కోడ్, నెల మొదటి నిల్వ నింపి, ఆ తరువాత దాన్ని అసలు సరుకుల టేబుల్‌తో కోడ్ ఆధారంగా జాయిన్ చేస్తుంది, అంటే కలుపుతుంది. తాత్కాలిక టేబుల్ పుట్టేది టెంప్‌డీబీలో. టెంప్‌డీబీ సర్వర్ మొదలైన ప్రతిసారీ మోడల్ అచ్చుతో కొత్తగా తయారవుతుంది కనుక దాని నియమం సర్వర్ నియమమే. అక్కడ "కోడ్, వార్‌చార్ 20" అని మాత్రమే రాసిన కాలమ్ లాటిన్1_జనరల్‌ను తీసుకుంది. సరుకుల టేబుల్‌లోని కోడ్ ఎస్‌క్యూఎల్_లాటిన్1తో అమెరికా నుంచి వచ్చింది. సమాన బలం, వేరు నియమం: 468.

అదే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో రిపోర్టు తాత్కాలిక టేబుల్‌తోనే పనిచేస్తూ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. కుర్రవాడిని చాలా సేపు తికమక పెట్టింది ఇదే. ఆ రిపోర్టు టేబుల్‌ను ముందుగా నిర్వచించకుండా, అసలు టేబుల్ నుంచి ఎంపిక చేసిన వరుసలను నేరుగా కొత్త తాత్కాలిక టేబుల్‌లోకి దింపే "సెలెక్ట్ ఇంటూ" పద్ధతి వాడుతుంది. ఆ పద్ధతిలో కాలమ్‌లు మూలంలోని కొలేషన్‌ను వెంట తెచ్చుకుంటాయి. టేబుల్ వేరియబుల్ వాడిన ప్రొసీజర్లు కూడా నడుస్తాయి, ఎందుకంటే వాటి కాలమ్‌లకు టెంప్‌డీబీ నియమం కాక ప్రస్తుత డేటాబేస్ నియమం వర్తిస్తుంది. పైకి ఒకేలా కనిపించే మూడు తాత్కాలిక నిల్వలలో ఒక్కటే తగువు పడుతుంది. అందువల్ల "తాత్కాలిక టేబుళ్లు పనిచేయడం లేదు" అన్న రోగ నిర్ధారణ సరిపోదు. ఆ కాలమ్ ఎలా పుట్టిందన్నది చూడాలి. సర్వర్‌కు, డేటాబేస్‌కు, కాలమ్‌లకు ఉన్న కొలేషన్లను సిస్టమ్ జాబితాల నుంచి చదివి పక్కపక్కన పెట్టుకుంటే ఇది అయిదు నిమిషాల్లో తేలుతుంది.

దోషం రాకుండానే అక్షరాలు పోయే సందర్భం

468 అరిచి చెబుతుంది కనుక దానితో ఒక విధంగా మేలే. అరవని సందర్భం తెలుగు డేటా ఉన్నచోట వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 నుంచి యూటీఎఫ్8 కొలేషన్లు ఉన్నాయి. వాటితో వార్‌చార్ కాలమ్‌లోనే తెలుగు దాచవచ్చు. "బెంగళూరు" అన్న మాటలో ఎనిమిది యూనికోడ్ సంకేతాలున్నాయి: బ, ఎత్వం, సున్న, గ, ళ, ఊత్వం, ర, ఉత్వం. ఎన్‌వార్‌చార్ అనే యూనికోడ్ రకం కాలమ్‌లో దానికి 16 బైట్లు, యూటీఎఫ్8 వార్‌చార్‌లో 24 బైట్లు పడతాయి. వార్‌చార్ పక్కన రాసే అంకె బైట్లను చెబుతుంది కాని అక్షరాలను కాదు కనుక, ఈ లెక్క ముఖ్యమైనదే.

అలాంటి డేటాబేస్‌ను 1252 కోడ్ పేజీ ఉన్న సర్వర్‌లో రీస్టోర్ చేశారనుకుందాం. అసలు టేబుళ్లలో తెలుగు భద్రంగా ఉంటుంది. ఒక ప్రొసీజర్ వార్‌చార్ కాలమ్‌తో తాత్కాలిక టేబుల్‌ను నిర్వచించి, అందులో ఊరి పేర్లు నింపుతుంది. ఆ కాలమ్ టెంప్‌డీబీ నుంచి 1252ను తీసుకుంది. ఆ పట్టికలో తెలుగుకు చోటు లేదు. పోలిక కాదు, నింపడం మాత్రమే కనుక విభేదం ప్రస్తావన రాదు; సర్వర్ మార్చగలిగినంత మార్చి, మార్చలేని ప్రతి సంకేతం స్థానంలో ప్రశ్నార్థకం పెడుతుంది. "బెంగళూరు" ఎనిమిది ప్రశ్నార్థకాలవుతుంది. "చిత్తూరు" కూడా ఎనిమిది సంకేతాల మాటే: చ, ఇత్వం, త, పొల్లు, త, ఊత్వం, ర, ఉత్వం. ఇక ఆ తాత్కాలిక టేబుల్ ఆధారంగా ఊరివారీ మొత్తాలు తీస్తే బెంగళూరు, చిత్తూరు లెక్కలు ఒకే వరుసలో కలిసిపోతాయి, ఏ దోష సందేశమూ లేకుండా.

సరిచేయడంపై మూడు వాదనలు

పీణ్య రిపోర్టు విషయంలో ముగ్గురు మూడు మాటలు చెప్పారు, మూడింటికీ బలమైన కారణాలున్నాయి.

సాఫ్ట్‌వేర్ రాసేవారి వాదన: ప్రొసీజర్‌నే దిద్దాలి. తాత్కాలిక టేబుల్ నిర్వచనంలో ప్రతి అక్షర కాలమ్ పక్కన "కొలేట్ డేటాబేస్_డిఫాల్ట్" అని రాస్తే, ఆ కాలమ్ సర్వర్ నియమం కాక ప్రస్తుత డేటాబేస్ నియమాన్ని తీసుకుంటుంది. అప్పుడు ఏ సర్వర్‌కు తీసుకెళ్లినా ప్రొసీజర్ నడుస్తుంది. ఇది మూలాన్ని దిద్దడం. దీని చిక్కు ఏమంటే, వందల ప్రొసీజర్లుంటే ఒక్కటీ వదలకుండా దిద్దాలి. పైగా సాఫ్ట్‌వేర్ వేరొకరిదైతే ఆ కోడ్ మన చేతిలో ఉండదు. కొందరు నిర్వచనాన్ని వదిలి, జాయిన్ దగ్గర కొలేట్ అతికిస్తారు. దోషం పోతుంది కాని, కాలమ్ మీద కొలేట్ పడినప్పుడు ఆ కాలమ్ ఇండెక్స్‌లోని (త్వరగా వెతకడానికి పేర్చిన సూచికలోని) వరుస సర్వర్‌కు అక్కరకు రాకపోవచ్చు. లక్షల వరుసల టేబుల్‌లో రిపోర్టు వేగం పడిపోతుంది.

సర్వర్లు చూసేవారి వాదన: ఇంటి నియమం ఒకటే ఉండాలి, వచ్చిన డేటాబేస్‌నే మార్చాలి. వినడానికి ఒక్క ఆదేశం. కాని డేటాబేస్ కొలేషన్ మార్చే ఆదేశం ఇకపై పుట్టే కాలమ్‌లకే వర్తిస్తుంది. ఉన్న కాలమ్‌లు పాత నియమంతోనే మిగిలిపోతాయి, అంటే ఒకే డేటాబేస్ లోపల కొత్త టేబుళ్లకు, పాత టేబుళ్లకు మధ్య 468 పుట్టే వీలు ఏర్పడుతుంది. కాలమ్‌లను ఒక్కొక్కటిగా మార్చాలంటే వాటి మీదున్న ఇండెక్స్‌లను, ఫారిన్ కీలను (టేబుళ్ల మధ్య లంకెలను), చెక్ నిబంధనలను, లెక్కించిన కాలమ్‌లను ముందు తొలగించి, మార్చి, మళ్లీ కట్టాలి. ఆపైన అడ్డగీతల వరుస మారుతుంది. బట్టల కోడ్‌లలో అడ్డగీత లేనిది అరుదు.

మూడో వాదన సాఫ్ట్‌వేర్ కంపెనీల సహాయ విభాగాల నుంచి ఎక్కువగా వినిపిస్తుంది: సర్వరే మా నియమంలో ఉండాలి. ఇది మొండితనంగా కనిపించినా, కొన్ని ప్రసిద్ధ ఉత్పత్తులు దీన్ని షరతుగానే పెట్టాయి. మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ తన డేటాబేస్‌లకు లాటిన్1_జనరల్_సీఐ_ఏఎస్_కేఎస్_డబ్ల్యూఎస్ కోరుతుంది. అదే కంపెనీ కాన్ఫిగరేషన్ మేనేజర్ ఎస్‌క్యూఎల్_లాటిన్1_జనరల్_సీపీ1_సీఐ_ఏఎస్ కోరుతుంది. అట్లాసియన్ కాన్‌ఫ్లుయెన్స్ పెద్ద బడి, చిన్న బడి తేడా చూసే సీఎస్_ఏఎస్ రకాన్ని కోరుతుంది. ఈ మూడు కోరికలనూ ఒకే నియమంతో తీర్చలేమని చూస్తేనే తెలుస్తుంది. సర్వర్ కొలేషన్ మార్చడమంటే సిస్టమ్ డేటాబేస్‌లను మళ్లీ కట్టడం. లాగిన్లు, షెడ్యూల్ పనులు, ఇతర సర్వర్లతో ఉన్న లింకులు పోతాయి, వాటిని ముందే రాసి పెట్టుకుని తిరిగి చేర్చాలి. అదే యంత్రం మీద వేరే కొలేషన్‌తో రెండో ఇన్‌స్టాన్స్‌ను, అంటే విడిగా నడిచే మరో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను, స్థాపించి, ఆ డేటాబేస్‌ను అక్కడ ఉంచడం మధ్యేమార్గం. దానికి మెమరీని పంచాలి, ఇంకో ఇన్‌స్టాన్స్‌కు ప్యాచ్‌లు వేయాలి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజ్యూర్‌లో మేనేజ్డ్ ఇన్‌స్టాన్స్ వాడేవారికి సర్వర్ కొలేషన్ ఎంపిక తయారీ సమయంలోనే, తరువాత మార్చే వీలు లేదు.

అంతగా ప్రచారంలో లేని ఇంకో దారి కూడా ఉంది. డేటాబేస్‌ను పాక్షికంగా స్వయం పరివేష్టితం చేస్తే, అంటే కంటెయిన్డ్ డేటాబేస్‌గా మారిస్తే, అక్కడి నుంచి పుట్టే తాత్కాలిక టేబుళ్లు ఆ డేటాబేస్ నియమాన్నే తీసుకుంటాయి. కోడ్ మార్చనక్కర లేదు. కాని ఆ మార్పు లాగిన్ల తీరును, మరికొన్ని సౌకర్యాలను కూడా తాకుతుంది కనుక, సాఫ్ట్‌వేర్ అమ్మినవారు దానికి మద్దతు ఇస్తామని చెప్పకపోతే చేసినవారి మీదే భారం.

మైఎస్‌క్యూఎల్‌లో డంప్ చెప్పకుండా వదిలిన మాట

మైఎస్‌క్యూఎల్‌లో ఇదే తగువుకు నంబరు 1267, "కొలేషన్ల అక్రమ మిశ్రమం" అన్న అర్థంలో. కారణం మాత్రం వేరు. 5.7 వర్షన్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అక్షరాలకు సహజ కొలేషన్ యూటీఎఫ్8ఎంబీ4_జనరల్_సీఐ, 8.0లో అది యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అయింది. 5.7లో తీసిన డంప్ (డేటాబేస్‌ను ఆదేశాల రూపంలో రాసిన బ్యాకప్ ఫైలు), టేబుల్ కొలేషన్ సహజమైనదే అయితే దాని పేరు రాయదు. అక్షరాల పేరు ఒక్కటి రాసి ఊరుకుంటుంది. ఆ డంప్‌ను 8.0 చదివినప్పుడు, రాయని చోట తన సహజ కొలేషన్‌ను పెడుతుంది. అలా పేరు రాయని పాత టేబుళ్లు కొత్త నియమంతో పుడతాయి; ఆ తరువాత ఎవరైనా పాత కొలేషన్ పేరును కావాలని రాసి తయారు చేసిన టేబుళ్లు పాత నియమంతో ఉంటాయి. రెండు రకాల టేబుళ్లను జాయిన్ చేసిన మొదటి క్వెరీ దగ్గర 1267 వస్తుంది. స్టోర్డ్ ప్రొసీజర్ పారామీటర్‌కు ఇక్కడ కాలమ్‌తో సమానమైన బలం ఉంటుంది కనుక, క్వెరీని నేరుగా నడిపితే పనిచేసి, ప్రొసీజర్ నుంచి నడిపితే ఆగిపోయే వింత కూడా కనిపిస్తుంది.

ఈ నియమం మార్పు తెలుగు డేటాను ఎలా తాకుతుందో ఒక ఉదాహరణ. "సాఫ్ట్‌వేర్" అన్న మాటను టకార పొల్లు విడిగా కనపడేలా రాయాలంటే, పొల్లుకు, వకారానికి మధ్య కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు పెడతాం. పెట్టకపోతే వకారం టకారానికి వత్తుగా చేరిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును పెడతాయి, కొన్ని పెట్టవు. జనరల్_సీఐ నియమానికి గుర్తు ఉన్న మాట, లేని మాట వేర్వేరు. 0900 నియమం యూనికోడ్ 9.0.0 వరుసను అనుసరిస్తుంది; అందులో ఆ గుర్తుకు బరువు లేదు కనుక రెండూ ఒకటే. పాత సర్వర్‌లో ఒకే సంస్థ పేరు రెండు రకాలుగా రెండు వరుసల్లో నమోదై, ఆ కాలమ్ మీద యూనిక్ కీ (ఒకే విలువ రెండోసారి రాకూడదన్న నిబంధన) ఉంటే, కొత్త సర్వర్‌లో రీస్టోర్ మధ్యలో 1062 నంబరుతో, "ఇది ముందే ఉంది" అని ఆగిపోతుంది. డంప్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ దించుకునేవారు ఉంటారు. డంప్ బాగానే ఉంటుంది.

చివర ఖాళీ ఉన్న మాటల విషయంలో దీనికి ఎదురుగా జరుగుతుంది. పాత నియమం "రాము"ను, చివర ఖాళీ ఉన్న "రాము"ను ఒకటిగా చూసేది. 0900 వేరుగా చూస్తుంది. నిన్న దొరికిన వరుస ఇవాళ దొరకదు. భావచిహ్నాల్లోనూ పెద్ద మార్పే వచ్చింది: జనరల్_సీఐలో నవ్వు ముఖం, ఏడుపు ముఖం సమానమే, 0900లో కాదు. ఆ విషయంలో కొత్త నియమమే మేలు.

పోస్ట్‌గ్రెస్‌లో నియమం కింద నేల కదలడం

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంప్రదాయంగా వరుస నియమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అరువు తెచ్చుకుంటుంది. అందువల్ల కొలేషన్ పేరు రెండు చోట్లా ఒకటే ఉన్నా అర్థం మారిపోగలదు. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28 (లినక్స్ మూల లైబ్రరీ) చాలా భాషల వరుసను మార్చింది. అమెరికా ఇంగ్లిష్ నియమంలో "11", "1-1" అన్న రెండింటిలో అంతకుముందు "11" ముందుండేది. ఆ తరువాత "1-1" ముందుకొచ్చింది. మళ్లీ అడ్డగీతే.

పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ ఆదేశం పీజీడంప్‌తో తీసి రీస్టోర్ చేస్తే ఇండెక్స్‌లు కొత్త యంత్రం మీద మళ్లీ కట్టబడతాయి కనుక వరుస సరిగ్గానే ఉంటుంది. డేటా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి, లేదా పాత డాకర్ వాల్యూమ్‌ను (డేటా ఉన్న నిల్వను) కొత్త డెబియన్ లినక్స్ ఆధారిత ఇమేజ్‌కు తగిలించి మొదలుపెడితే మాత్రం, ఇండెక్స్ పాత వరుసలో పేర్చి ఉంటుంది, వెతికేవాడు కొత్త వరుసలో వెతుకుతాడు. ఉన్న వరుస కనపడదు. లేదనుకుని మళ్లీ చేర్చితే యూనిక్ ఇండెక్స్‌లో కూడా నకళ్లు చేరతాయి. 15వ వర్షన్ నుంచి డేటాబేస్ తయారైనప్పటి కొలేషన్ వర్షన్ ఒకటి, ఇప్పుడు సిస్టమ్ ఇస్తున్నది మరొకటి అని కనెక్షన్ సమయంలోనే హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను ఆపడానికి వర్షన్ నంబరును తాజా చేసే ఆదేశం ఒకటుంది. అది నంబరును మారుస్తుందే తప్ప ఇండెక్స్‌లను ముట్టుకోదు. ముందు ఇండెక్స్‌లను మళ్లీ కట్టకుండా దాన్ని నడిపితే, పోయేది హెచ్చరిక ఒక్కటే.

పీణ్యలో చివరికి

ప్రొసీజర్ల కోడ్ కంపెనీ చేతిలో లేదు. అమ్మినవారు తదుపరి వర్షన్‌లో దిద్దుతామన్నారు. రిపోర్టు వారం లోపల కావాలి. కుర్రవాడు అదే యంత్రం మీద, అమెరికా సర్వర్ కొలేషన్ పేరునే ఎంచుకుని, రెండో ఇన్‌స్టాన్స్ స్థాపించి, బ్యాకప్‌ను అక్కడ మళ్లీ రీస్టోర్ చేశాడు. మధ్య పదిహేను రోజుల బిల్లులు పోకుండా, అమెరికా నుంచి వచ్చిన పాత ఫైలును కాక పీణ్య సర్వర్ నుంచే తాజాగా బ్యాకప్ తీశాడు. డేటాబేస్, కాలమ్‌ల కొలేషన్లు పీణ్యలో మారలేదు కనుక ఆ బ్యాకప్‌తో ఏ చిక్కూ రాలేదు. రిపోర్టు వచ్చింది. హాజరు పట్టీ డేటాబేస్ మొదటి ఇన్‌స్టాన్స్‌లోనే ఉండిపోయింది. దానితో ఉద్యోగి కోడ్ మీద జాయిన్ చేసే ఓవర్‌టైమ్ రిపోర్టు ఒకటుందని, అది ఇప్పుడు రెండు ఇన్‌స్టాన్స్‌ల మధ్య లింకు దాటి, రెండు కొలేషన్ల మధ్య నడవాలని మరుసటి నెల జీతాల రోజున తెలిసింది. ఆ క్వెరీ మాత్రం కంపెనీ సొంతంగా రాసుకున్నది కనుక, జాయిన్ దగ్గర ఒక్క కొలేట్ మాటతో సరిపోయింది. ఉద్యోగుల టేబుల్‌లో ఉన్నవి నాలుగు వందల వరుసలే. వేగం గురించి ఎవరూ అడగలేదు.